‘ఊరికే’లో ఊరు ఉందా?

సందేహం: ఈ మధ్యే ఉద్యోగం నుంచి రిటైర్ అయ్యాను. సాయంత్రం పూట డాబా మీద కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. చేతిలో పేపర్ ఉండదు, ఫోన్ కిందే వదిలేసి వస్తాను. మొన్న ఆరేసిన బట్టలు తీయడానికి పైకి వచ్చిన మా కోడలు “ఏం చేస్తున్నారు మావయ్యా?” అంటే “ఊరికే కూర్చున్నానమ్మా” అన్నాను. వెంట వచ్చిన మనవడు “ఏ ఊరికి తాతయ్యా?” అని అడిగాడు. వాడికేం చెప్పాలో తోచలేదు. ఈ మాటలో ఊరు ఉందా? ‘ఊరికే’ అని రాయాలా, ‘ఊరకే’ అనా? అసలు నేను ‘ఖాళీగా ఉన్నాను’ అనో ‘తీరిగ్గా ఉన్నాను’ అనో అనాల్సిందా? ఊరికే కూర్చున్నానంటే సోమరితనం ఒప్పుకున్నట్టు అవుతుందేమోనని కూడా అనిపించింది.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

సమాధానం: ముందు మీ మనవడి సంగతి చూద్దాం. వాడు మంచి ప్రశ్న అడిగాడు. ‘ఈ బస్సు మా ఊరికే వెళ్తుంది’ అన్నప్పుడు అందులో ఊరు ఉంది. ఊరు అనే నామవాచకానికి ‘కి’ చేరి, నొక్కి చెప్పడానికి పైన ‘ఏ’ చేరింది. బహువచనం చేస్తే ‘మా ఊళ్ళకే’ అవుతుంది. మీ వాక్యాన్ని అలా మార్చి చూడండి. డాబా మీద పదిమంది కూర్చున్నా ‘ఊరికే కూర్చున్నాం’ అనాల్సిందే గాని ‘ఊళ్ళకే కూర్చున్నాం’ అనలేం. మీరన్నది క్రియావిశేషణం. దాని పాత రూపం ‘ఊరక’. దానికి ‘ఏ’ చేరితే ఊరకే, నోట్లో నలిగి మధ్య అచ్చు మారితే ఊరికే. రెండూ ఒప్పే. నేను మాత్రం ‘ఊరికే’ అనే రాస్తాను, ఎక్కువమంది పలికేది అదే కాబట్టి. తెలంగాణలో ‘ర’ కూడా జారిపోయి ‘ఊకె’, ‘ఊకెనే’ అయింది. దాన్ని తప్పుగా చూడనక్కర్లేదు, అదీ ఈ మాట నడిచిన దారిలోదే.

ఊరక అంటే మాట్లాడకుండా, కదలకుండా అని ఒక అర్థం. ఊరకుండు అంటే మౌనంగా ఉండు. ‘ఊరుకో’ ఆ కుటుంబంలోదే. ఏడుస్తున్న పిల్లను భుజాన వేసుకుని వీపు నిమురుతూ “ఊరుకో అమ్మా, ఊరుకో” అంటాం. తెలంగాణలో “ఊకో బిడ్డా” అంటారు. ఏడుపు ఆపమని గద్దించడం కాదది, నేనున్నాను కదా, ఇంక నువ్వు చేయాల్సింది ఏమీ లేదు అని చెప్పడం. అదే మాటని కోపంగా “ఊరుకుంటావా లేదా” అని కూడా అంటాం, కానీ నాకు మొదటిదే ఎక్కువ ఇష్టం.

ఇక కారణం లేకుండా అనే అర్థం. పోతన భాగవతం దశమ స్కంధంలో గర్గుడు ఇంటికి వస్తే నందుడు ‘ఊరక రారు మహాత్ములు’ అంటాడు. ఏ కారణమూ లేకుండా పెద్దలు గడప తొక్కరని. ఆ పద్యం తెలియనివాళ్ళు కూడా అనుకోని చుట్టం వస్తే ఆ ముక్క వాడుతుంటారు. ధర లేకుండా అనే అర్థం అంగట్లో వినిపిస్తుంది. కూరలన్నీ తూచి డబ్బులు తీసుకున్నాక బండివాడు సంచిలో రెండు కరివేపాకు రెమ్మలు పడేస్తాడు చూడండి, అది ఊరికే ఇచ్చింది. ‘ఊరికే ఏడుస్తున్నాడు’, ‘ఊరికూరికే ఫోన్ చేయకు’ అన్నప్పుడు మాటిమాటికీ అనే అర్థం వస్తుంది. కారణం లేని పని పదేపదే చేస్తే అలాగే అనిపిస్తుంది మరి. మౌనం నుంచి కరివేపాకు దాకా ఇన్ని అర్థాలు ఒక్క మాటలో ఎలా ఇమిడాయా అనుకోకండి. తమిళంలో ‘సుమ్మా’, కన్నడంలో ‘సుమ్మనె’ కూడా ఇంచుమించు ఈ అర్థాలన్నీ మోస్తాయి. రమణ మహర్షి తరచూ చెప్పిన ‘సుమ్మా ఇరు’ని తెలుగులో చెప్పాలంటే ‘ఊరక ఉండు’ కంటే దగ్గరి మాట నాకు దొరకలేదు.

ఇప్పుడు మీ అసలు సందేహం. ఖాళీగా అనాలా, తీరిగ్గా అనాలా?

తీరిక ‘తీరు’ నుంచి వచ్చింది. కోరు–కోరిక, ఓపు–ఓపిక, చేరు–చేరిక లాంటిదే. తీరడమంటే అయిపోవడం. అంటే పని తీరితేనే తీరిక. ఇంట్లో పని ఎప్పటికీ తీరదు కాబట్టి ఈ మాట మనకు ఎక్కువగా ‘లేదు’తోనే వినిపిస్తుంది. ‘దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు’ అని సామెతే ఉంది. విశ్రాంతిలో శ్రమ దాగి ఉంది, రెండింటి ధాతువూ ఒకటే. ముందు అలసిపోవాలి, ఆ తర్వాతే విశ్రాంతి. మిమ్మల్ని ఇప్పుడు ‘విశ్రాంత ఉద్యోగి’ అంటారు. ఇన్నేళ్ళ అలసటకి ఆ మాట తగినదే, కానీ డాబా మీద సాయంత్రానికి అది సరిపోదు. మీరక్కడ అలసట తీర్చుకోవడం లేదు కదా. సెలవు అంటే అనుమతి. ‘సెలవు ఇప్పించండి’ అని ఒకరిని అడిగి తెచ్చుకోవాలి. ఖాళీ అరబ్బీ నుంచి వచ్చిన మాట. ఖాళీ డబ్బా, ఖాళీ సీటు, అంటే ఉండాల్సింది లేకపోవడం. మనిషికి వాడితే అందుకే గుచ్చుకుంటుంది. చదువు పూర్తయిన కుర్రాణ్ణి “ఖాళీగానే ఉన్నావా?” అని పెళ్ళిలో ఎవరైనా అడిగితే వాడి ముఖం ఎలా మాడిపోతుందో మనం చూస్తూనే ఉంటాం. మీ గురించి మీరు ఆ మాట వాడకండి. మీ సాయంత్రంలో లోటు ఏమీ లేదు.

ఇవన్నీ ఏదో ఒక పనికి కట్టి ఉన్న మాటలు. పని అయిపోయిందనో, పనికి అలసిపోయామనో, పని లేదనో, పని నుంచి ఎవరో వదిలిపెట్టారనో చెబుతాయి. ఊరికే మాత్రం పని ఊసెత్తదు. ఇందుకే అని కారణం చెప్పదు, ఎవరి అనుమతీ అడగదు. మీరు ఎంచుకున్న మాట సరైనది. మార్చనక్కర్లేదు.

సోమరితనం గురించి మీ భయానికి ఆధారం లేదు. సోమరి అనాలంటే చేయాల్సిన పని ఒకటి ఎదురుగా ఉండి, దాన్ని తప్పించుకోవాలి. సోమరిపోతులోని ‘పోతు’ దున్నపోతులోదే. తిండిపోతు, నిద్రపోతు అన్నట్టు అది మనిషి గుణం మీద వేసే ముద్ర. బద్ధకం అంత దూరం పోదు. ‘ఆదివారం కదా, బద్ధకంగా ఉంది’ అని ఎవరైనా అంటారు, సోమవారానికి అది పోతుంది. (దీన్ని ‘బద్దకం’ అని రాయకండి, ద కింద ధ ఒత్తు ఉండాలి.) మీరు చెప్పిన దాంట్లో ఎగ్గొట్టిన పని లేదు, ఓపిక లేకపోవడమూ లేదు. ఉన్నదల్లా ఒక కుర్చీ, ఒక సాయంత్రం.

ఒక్క విషయం మాత్రం చెప్పాలనిపిస్తోంది. ‘ఊరికే కూర్చున్నాను’ అనే మాట మా అమ్మ నోట నేను ఎప్పుడూ వినలేదు. మధ్యాహ్నం వంటిల్లు సర్దేసి వరండాలోకి వచ్చినా ఒళ్ళో ఏదో ఒకటి ఉండేది. చిక్కుడుకాయలు ఈనెలు తీసేది, లేకపోతే పత్తి పట్టుకుని వత్తులు చేసేది. రెండు వేళ్ళకి కాస్త విభూతి అద్దుకుని వత్తి నులిమేటప్పుడు ఆమె కళ్ళు ఎటో ఉండేవి. అది కూడా ఊరికే కూర్చోవడమే, కానీ ఆ మాట అనుకునే హక్కు తనకుందని ఆమెకి తోచలేదు. ఆ మాటని ఫోన్లో మాత్రం వాడేది. నేను హైదరాబాద్ వచ్చాక రాత్రి పూట ఫోన్ మోగితే టెన్షన్ పడి “ఏమైందమ్మా?” అనేవాణ్ణి. “ఏం లేదు నాన్నా, ఊరికే చేశాను” అనేది. పనిలో ఉన్నానని రెండు ముక్కల్లో పెట్టేసిన రోజులు ఉన్నాయి. మాటల అర్థాలు చెప్పడమే వృత్తిగా పెట్టుకున్నవాణ్ణి, ఆ ‘ఊరికే’కి అర్థం నాకు అప్పుడు తెలియలేదు.

మీ కోడలు కూడా ఆ సాయంత్రం డాబా మీదకి బట్టలు తీయడానికే వచ్చింది. ఈసారి వస్తే పక్కన ఇంకో కుర్చీ వేసి ఉంచండి. మనవడు మళ్ళీ “ఏ ఊరికి తాతయ్యా?” అంటే “ఏ ఊరికీ కాదు నాన్నా, ఇక్కడికే” అని చెప్పండి.