డాక్టర్ గారి భార్యగా తప్ప నాకో పేరు లేని ఊరు

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. బీటెక్ చదివాను. పెళ్లయ్యాక మావారు మిషిగన్‌లో రెసిడెన్సీ (డాక్టర్ల పై శిక్షణ) చేసినన్నాళ్లూ ఆయనది జే-1, నాది భార్యలకిచ్చే జే-2 వీసా, అక్కడ ఉద్యోగం కూడా చేశాను. తర్వాత ఆయన జే-1 వేవర్ (శిక్షణ అయ్యాక ఇండియాకి తిరిగి వెళ్లాలన్న నియమం నుంచి మినహాయింపు) మీద పశ్చిమ నెబ్రాస్కాలో 1,200 మంది ఉండే ఊళ్లో చేరారు. మూడేళ్ల బాండ్, ఏడాది గడిచింది. ఇప్పుడు నాది హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి భార్యకిచ్చే వీసా) కాబట్టి ఉద్యోగం పోయింది. ఉన్నది ఒక గ్రోసరీ షాపు, ఒక కేఫ్, ఐదారు చర్చిలు. మేం శాకాహారులం, ఇండియన్ స్టోర్ కావాలంటే డెన్వర్, నాలుగు గంటల ప్రయాణం. చలికాలం మంచు చూసి భయపడి కారు తీయడం మానేశాను. ఆయన ఆసుపత్రి నుంచి ఎప్పుడొస్తారో తెలీదు. ఊళ్లో ఎవరు కలిసినా రెండే ప్రశ్నలు: ఏ చర్చికి వెళ్తారు, ఎన్నాళ్లుంటారు. ఎప్పుడు పోతామా అని చూస్తున్నట్టుంటుంది. అత్తగారేమో పెద్దిల్లు, కారు, డాక్టర్ మొగుడు, ఇంకేం తక్కువ, ఓ బిడ్డని కంటే అన్నీ సర్దుకుంటాయంటారు. నాకు మాత్రం ఈ రెండేళ్లూ హైదరాబాద్‌లో మా అమ్మ దగ్గర ఉందామనిపిస్తోంది. తప్పా?

జవాబు: తప్పేం లేదమ్మా, ఎవరికైనా అనిపిస్తుంది. కానీ మీ ఉత్తరం చదివాక నాకు అర్థమైంది, మీ బాధలో సగం ఆ ఊరిది కాదు. నెలనెలా జీతం తెచ్చుకున్న మనిషి, భర్త కాగితాలు మారేసరికి ఖాళీగా ఇంట్లో కూర్చోవాల్సి వచ్చింది. మిషిగన్‌లో ఉండగా ఇలా జరిగినా ఏడిచేవారే, కాకపోతే అక్కడ చెప్పుకోడానికి పక్క ఫ్లాట్‌లో ఓ తెలుగావిడ ఉండేది. అందుకే ఉద్యోగం సంగతి వేరు, ఊరి సంగతి వేరు. రెండూ కలిపి ఒకే టెన్షన్‌గా పెట్టుకుంటే దేనికీ దారి దొరకదు.

ఉద్యోగం సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే అక్కడ మీరు అనుకుంటున్నంత చీకటి లేదు. హెచ్-4 అంటే పని చేయకూడదు అన్నది అందరికీ వర్తించదు. భర్తకి ఐ-140 (గ్రీన్ కార్డు కోసం వేసే పిటిషన్) అప్రూవ్ అయితే, హెచ్-4 మీద ఉన్న భార్య వర్క్ పర్మిట్‌కి అప్లై చేసుకునే వీలు 2015 నుంచి ఉంది. మీవారిలా డాక్టర్ల కొరత ఉన్న చోట పనిచేసేవాళ్లు నేషనల్ ఇంట్రెస్ట్ వేవర్ (దేశానికి మేలు చేసే పనికి ఇచ్చే మినహాయింపు) కింద ఐ-140 వేసుకోవచ్చు, దానికి మొత్తం ఐదేళ్ల సర్వీసు కావాలి గానీ, పిటిషన్ వేయడానికి ఆ ఐదేళ్లూ అయ్యేదాకా ఆగక్కర్లేదు. ఇది వేశారా లేదా? ‘లాయర్ చూసుకుంటాడులే’ అని ఆయన అనొచ్చు. అలా ఊరుకోకండి, మీరే ఆ లాయర్‌తో ఓ అరగంట కాల్ పెట్టించుకోండి, మీ ప్రశ్నలు మీరే అడగండి. భర్త గ్రీన్ కార్డు పనుల్లో తన సొంత ఉద్యోగం ముడిపడి ఉందని తెలియక ఏళ్లకేళ్లు ఊరికే కూర్చున్న ఆడవాళ్లు నా దగ్గరికి చాలామందే వచ్చారు. ఆ పర్మిట్ వచ్చేలోపు హెచ్-4 మీద చదువుకోవచ్చు, ఆన్‌లైన్‌లో మాస్టర్స్ చేయొచ్చు, దగ్గర్లో కమ్యూనిటీ కాలేజీ ఉంటే ఒకటీ అరా కోర్సులు తీసుకోవచ్చు. ఇండియా కంపెనీకి ఇంట్లోంచి పనిచేస్తే ఎవరికి తెలుస్తుందిలే అని వాట్సాప్ గ్రూపుల్లో చెప్పేవాళ్లుంటారు, అది మాత్రం లాయర్ని అడక్కుండా ముట్టుకోవద్దు.

ఇప్పుడు ఊరి సంగతి. ‘ఎన్నాళ్లుంటారు’ అనే ప్రశ్న మీకు గుచ్చుకుంటోంది. ఆ ప్రశ్న వెనక ఏముందో చెప్తాను వినండి. మీవారు చేరిన పద్ధతిని కాన్రాడ్ 30 అంటారు, నార్త్ డకోటా సెనేటర్ కెంట్ కాన్రాడ్ పేరు మీద 1994లో మొదలైంది, ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి 30 మంది. మూడేళ్లు చేస్తే రెసిడెన్సీ తర్వాత రెండేళ్లు ఇండియా వెళ్లి ఉండాలన్న నియమం పోతుంది. చాలామంది ఏం చేస్తారు? మూడేళ్లు కాగానే డల్లాస్‌కో అట్లాంటాకో సర్దేస్తారు, వాళ్లనీ తప్పు పట్టలేం. కానీ ఆ ఊరి వైపు నుంచి చూడండి. అక్కడి ఆసుపత్రులు ఎక్కువగా పాతిక పడకలు దాటనివి, ఇద్దరు ముగ్గురు డాక్టర్ల మీద నడుస్తాయి, ఒకాయన వెళ్లిపోతే బీపీ మాత్రల చీటీ కోసం ముసలాళ్లు గంటన్నర కారు నడపాలి. పిల్లలు చదువుకుని ఒమాహా, లింకన్, డెన్వర్ వెళ్లి తిరిగి రారు, బళ్లలో పిల్లలు సరిపోక పక్క ఊరి బడితో కలిపేస్తారు, మెయిన్ స్ట్రీట్‌లో ఒక్కో షాపూ మూతపడుతుంది. అంతమంది వెళ్లిపోవడం చూసిన వాళ్లు మిమ్మల్ని చూసి ‘ఎన్నాళ్లు’ అంటే, పొమ్మని కాదు, పోతారేమోనన్న భయం. ఎటూ పోయేవాళ్లతో ఎందుకు దగ్గరవడం అని వాళ్లూ కాస్త వెనక్కి తగ్గి ఉంటారు. మీరూ రెండేళ్లేగా అని వెనక్కి తగ్గారు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఎవరు ముందు కదుల్తారా అని చూస్తున్నారు, అంతే.

చర్చి ప్రశ్న కూడా అంతే. మన పల్లెల్లో కొత్త మనిషి కనిపిస్తే ‘ఎవరింటికొచ్చారు, ఎవరి తాలూకు’ అని అడగరూ? అలాంటిదే. అక్కడ పెళ్లీ, చావూ, భోజనం, చందా అన్నీ చర్చి హాల్లోనే జరుగుతాయి కాబట్టి మిమ్మల్ని ఏ గుంపులో లెక్కేసుకోవాలో వాళ్లకి తెలీదు. ‘మేం హిందువులం, గుడి డెన్వర్ దాకా లేదు, కానీ మీ భోజనాలకి పిలిస్తే వస్తాం’ అని నవ్వుతూ చెప్పండి. మతం మార్చాలని చూసేవాళ్లు ఒకరిద్దరు తగలొచ్చు, మర్యాదగా వద్దంటే సరిపోతుంది. ఒకరిద్దరు మొహం మాడ్చుకుని మాట్లాడేవాళ్లూ ఉంటారు, లేరని నేను అబద్ధం చెప్పను. ఎవరైనా హద్దు దాటితే మాత్రం మనసులో దాచుకోకండి, మీవారికి చెప్పండి, ఆసుపత్రి అడ్మినిస్ట్రేటర్‌కి చెప్పించండి. డాక్టర్ని పోగొట్టుకోవడం వాళ్లకి ఇష్టం ఉండదు, పట్టించుకుంటారు.

అలాంటి ఊళ్లో స్నేహాలు మాటలతో మొదలవ్వవు, పనితో మొదలవుతాయి. కాఫీకి రమ్మని ఎవరూ పిలవడం లేదని కూర్చుంటే పిలవరు. లైబ్రరీకి వెళ్లి ‘చిన్నపిల్లలకి కథలు చదివే రోజు నేను సాయం చేస్తా’ అనండి. జీతం లేని సేవే కాబట్టి వీసాకి ఇబ్బంది ఉండదు, ఎందుకైనా మంచిది, లాయర్ కాల్‌లో అదీ ఒక మాట అడిగేయండి. జులై, ఆగస్టుల్లో కౌంటీ ఫెయిర్ వస్తుంది, పిల్లలు తాము పెంచిన దూడల్ని, మేకల్ని ముస్తాబు చేసి తెస్తారు, అక్కడ టికెట్లు చింపడానికీ పై (పళ్లతో చేసే తీపి వంటకం) అమ్మడానికీ మనుషులు ఎప్పుడూ చాలరు. శుక్రవారం రాత్రి బడి ఫుట్‌బాల్ ఆటకి వెళ్లండి, అర్థం కాకపోయినా పర్లేదు. పదకొండు మందిని కూర్చలేక ఎనిమిది మందితోనో ఆరుగురితోనో ఆడే జట్లవి, అయినా ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది. పాట్‌లక్‌కి, అంటే తలా ఒక వంటకం తెచ్చే విందుకి పిలిస్తే నిమ్మకాయ పులిహోర చేసుకెళ్లండి, మిరపకాయలు తగ్గించి. గిన్నె అడుగున టేపు అంటించి దాని మీద మీ పేరు రాయండి, ‘డాక్టర్ గారి భార్య’ అని కాదు, మీ పేరు. అందరూ అలాగే రాస్తారు, చివర్లో గిన్నెలు కడిగేటప్పుడు ఎవరిదో తెలియాలి కదా. ఎవరో ఒకావిడ ఆ గిన్నె కడిగి మీ ఇంటికి తెచ్చిస్తుంది, ఖాళీగా కూడా తేదు. (మీ తిండి గురించి ముందే చెప్పండి. ఆ రాష్ట్రంలో చిక్కుళ్ల కూరలో కూడా పంది మాంసం ముక్కలు వేస్తారు.)

కారు మళ్లీ తీయాల్సిందే, దీంట్లో నేను మెత్తగా మాట్లాడను. అలాంటి చోట కారు నడపని మనిషి ఇంట్లో బందీయే. మంచుకి టైర్లు మార్పించండి, డిక్కీలో దుప్పటి, పార, టార్చి పెట్టుకోండి, తెల్లారుజామున, పొద్దు గూకే వేళ జింకలు రోడ్డు మీదకి వస్తాయి కాబట్టి మొదట్లో పట్టపగలే నడపండి. ఊళ్లో ఏ రైతు భార్యనడిగినా ఖాళీ గ్రావెల్ రోడ్డు మీద పక్కన కూర్చుని నేర్పిస్తుంది, అదీ ఒక స్నేహమే. ఎదురొచ్చే ప్రతి పికప్ ట్రక్కువాడూ స్టీరింగ్ మీంచి ఒక్క వేలు పైకెత్తుతాడు, పలకరింపు అది, మీరూ ఎత్తండి.

మీవారితో మాట్లాడాల్సింది ఉంది. బాండ్ వారానికి 40 గంటల పనికి, జీవితం మొత్తానికి కాదు. ఆన్-కాల్ (పిలిస్తే వెంటనే వెళ్లాల్సిన డ్యూటీ) ఎవరు ఎన్ని రోజులు చేయాలో కాంట్రాక్టులో ఉంటుంది, ఇద్దరూ కూర్చుని ఆ కాగితం చదవండి. నెలకో వారాంతం పూర్తిగా ఫోన్ కట్టేసి డెన్వర్ వెళ్లడం, అక్కడ సరుకులు, గుడి, దోసె, ఓ తెలుగు సినిమా, అది సరదా కాదు, అవసరం అని ఆయనకి అర్థమయ్యేలా చెప్పండి. కొత్తగా వచ్చిన డాక్టరు కాదనలేక అందరి సెలవులూ తన నెత్తినేసుకుంటాడు, అది నేను చూస్తూనే ఉంటాను.

అత్తగారి సలహా సంగతి. ఒంటరితనానికి మందుగా బిడ్డని కనకండి. మీ ఇద్దరికీ కావాలనిపిస్తే కనండి, అప్పుడు కూడా ముందుగా కనుక్కోండి, పల్లె ఆసుపత్రులు చాలాచోట్ల పురుళ్ల విభాగం మూసేశాయి, నొప్పులొస్తే ఎంత దూరం వెళ్లాలో తెలియకుండా ప్లాన్ చేసుకోకూడదు. ఆవిడతో వాదన వద్దు. ‘చూస్తున్నాం అత్తయ్యా’ అని ఊరుకోండి, గట్టిగా చెప్పాల్సి వస్తే ఆ మాట కొడుకు నోటి నుంచి రానివ్వండి.

ఒక్క విషయం మీరు రాయలేదు, నేనే అడుగుతున్నా. నిద్ర, ఆకలి ఎలా ఉన్నాయి? రెండు వారాలకి మించి రోజంతా దిగులుగా ఉండి ఏ పనీ చేయబుద్ధి కాకపోతే అది డిప్రెషన్ కావచ్చు, మీవారు డాక్టరే కదా అని ఆయన దగ్గరే వైద్యం చేయించుకోకండి. ఊళ్లో అందరికీ తెలుస్తుందని భయమైతే వీడియో కౌన్సెలింగ్ ఉంది, నెబ్రాస్కా లైసెన్సు ఉన్నవాళ్లని చూసుకోండి. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా 988 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, పగలైనా రాత్రైనా.

ఇక హైదరాబాద్. వెళ్లండి, కానీ రెండేళ్లకి కాదు, ఆరేడు వారాలకి, తిరుగు టికెట్ కొనుక్కుని. మీ పాస్‌పోర్టులో హెచ్-4 స్టాంపింగ్ లేకపోతే కాన్సులేట్ అపాయింట్‌మెంట్ ఎప్పుడు దొరుకుతుందో ముందు చూసుకోండి, లేకపోతే ఆరు వారాలు ఆరు నెలలవుతాయి. ఆ లాయర్‌తో మాట్లాడాకే టికెట్ బుక్ చేయండి, ఐ-140 కాగితాలు ఎంతవరకొచ్చాయో తెలిస్తే ఏ నెలలో వెళ్లాలో కూడా తేలుతుంది.