నల్లగొండ ఇల్లు అమ్మి నాసిక్ ద్రాక్షతోటల మధ్య స్థిరపడవచ్చా?

ప్రశ్న: నేను నల్లగొండలో ఉంటున్న విశ్రాంత అధ్యాపకుణ్ణి. వయసు 62. పింఛను నెలకు 52,000 రూపాయలు. బ్యాంకులో 45 లక్షల డిపాజిట్లు, ఊళ్లో 70 లక్షలు పలికే రెండంతస్తుల ఇల్లు, కనగల్ మండలంలో మూడెకరాల బత్తాయి తోట ఉన్నాయి. మా ఒక్కగానొక్క అమ్మాయి నాసిక్ దగ్గర దిండోరీలో ఒక వైన్ తయారీ సంస్థలో, అల్లుడు ఓఝర్‌లోని విమానాల కర్మాగారంలో పనిచేస్తున్నారు. మనవడికి మూడేళ్లు. మమ్మల్ని అక్కడికే వచ్చేయమంటున్నారు. అమ్మాయి అక్కడ నెలకు 18,000 కిరాయికి రెండు పడకగదుల ఇల్లు కూడా చూసింది. ఇల్లు అమ్మి దిండోరీ, పింపళ్‌గావ్, ఇగత్‌పురి, నాసిక్‌లలో ఏదో ఒకచోట కొనుక్కోవాలని ఉంది. ద్రాక్షతోటలో వాటాతో కలిపి విల్లా ప్లాటు ఇస్తామని, ఏటా 8 శాతం రాబడి ఖాయమని ఒక ఏజెంటు చెబితే 50,000 బయానా ఇచ్చాను. నా భార్యకు ఉబ్బసం ఉంది. ఏ ఊరు మంచిది?

సమాధానం: మీరు ఊరి గురించి అడిగారు గానీ, మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది "ఇల్లు అమ్మి" అన్న మాట. మనవడి దగ్గర ఉండాలన్న మీ కోరికను నేను పూర్తిగా సమర్థిస్తాను. వెళ్లండి. కానీ మొదటి ఏడాది కిరాయి ఇంట్లో ఉండండి, నల్లగొండ ఇంటిని మాత్రం ముట్టుకోకండి. ఈ తొందర వద్దనడానికి పన్ను నిబంధనల్లోనే బలమైన కారణం ఉంది.

ఇల్లు అమ్మగా వచ్చిన దీర్ఘకాలిక లాభంపై 12.5 శాతం పన్ను పడుతుంది. మీ ఇల్లు 2024 జులై 23కు ముందే మీ చేతికి వచ్చింది కాబట్టి, ద్రవ్యోల్బణం మేరకు కొనుగోలు ధరను పెంచి లెక్కగట్టి 20 శాతం కట్టే పద్ధతితో పోల్చి, రెండింటిలో ఏది తక్కువైతే అది కట్టవచ్చు. ఆ లాభంతో మరో ఇల్లు కొంటే మినహాయింపు దొరుకుతుంది. అయితే ఆ ఇంటిని పాత ఇల్లు అమ్మడానికి ముందు ఏడాదిలో గానీ, అమ్మిన తర్వాత రెండేళ్లలో గానీ కొనాలి. కట్టుకునేటట్లయితే మూడేళ్ల గడువు ఉంటుంది. అంటే మీరు అమ్మనంతవరకు ఏ గడువూ మొదలు కాదు. అమ్మిన మరునాటి నుంచి మాత్రం మీరు ఊరును ఎంచుకోవడం మానేసి గడువును చూసుకోవడం మొదలుపెడతారు. పైగా కొత్త ఇంటిని మూడేళ్లలోపు అమ్మితే, అప్పుడు దక్కిన మినహాయింపు చేజారి పన్ను మళ్లీ మీ మెడకే చుట్టుకుంటుంది. అల్లుడికి బదిలీ అయినా, అమ్మాయి సంస్థ మారినా మీరిద్దరూ అక్కడే ఉండిపోవలసి వస్తుంది.

నాసిక్ నగరంలో 80 లక్షల ఇల్లు కొంటే స్టాంపు సుంకం 6 శాతం, అంటే 4,80,000 రూపాయలు అవుతుంది. రిజిస్ట్రేషన్ రుసుముకు గరిష్ఠ పరిమితి 30,000. ఈ రెండూ కలిస్తే 5,10,000 రూపాయలు, ఇల్లు నచ్చక అమ్ముకున్నా తిరిగి రాని డబ్బు. (నివాస గృహాన్ని మీ శ్రీమతి పేరున కొంటే సుంకంలో ఒక శాతం తగ్గుతుంది.) మీ అమ్మాయి చూసిన రెండు పడకగదుల ఇంటి కిరాయి 18,000 అని రాశారు కాబట్టి, ఈ ఒక్క ఖర్చే దాదాపు 28 నెలల కిరాయికి సమానం. డిపాజిట్లలో 30 లక్షలను పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేస్తే, ఇప్పుడున్న 8.2 శాతం వడ్డీ చొప్పున మూడు నెలలకు 61,500, అంటే నెలకు సగటున 20,500 చేతికి వస్తుంది. ఆ వడ్డీ మీ పింఛనుతో కలిసి పన్ను లెక్కలోకి వస్తుంది, నిజమే. అయినా కిరాయి భారం చాలావరకు దానితోనే తీరుతుంది. ఇక్కడి ఇంట్లో కింది భాగాన్ని కిరాయికిచ్చి, పై భాగానికి తాళం వేసుకుని వెళ్లండి. పండుగకు వచ్చినప్పుడు దిగడానికి సొంత గడప ఉండాలి.

ఇక ఊళ్ల సంగతి. ఇగత్‌పురి కొండలు చూడముచ్చటగా ఉంటాయి గానీ, అక్కడ ఏటా 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. నల్లగొండ ఎండలకు అలవాటుపడిన ఉబ్బసం మనిషి నాలుగు నెలల చెమ్మలో ఎలా నెగ్గుకొస్తారో ఆలోచించండి. ఆ ఊరిని జాబితాలోంచి తీసేయమనే చెబుతాను. పింపళ్‌గావ్ మంచి వ్యాపార కేంద్రం, ద్రాక్ష, ఉల్లి, టమాటా మార్కెట్లతో కిటకిటలాడుతుంది. అది రైతుకు, వ్యాపారికి అనువైన ఊరే తప్ప విశ్రాంత దంపతులకు అక్కడ ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదు.

దిండోరీ విషయంలో మీ మనసు ఊగుతున్నట్టుంది. అమ్మాయి పనిచేసే చోటు, కిటికీ తీస్తే ద్రాక్ష పందిళ్లు. కానీ మీకు బత్తాయి తోట ఉంది కాబట్టి మందు కొట్టే రోజున గాలి ఎలా ఉంటుందో నేను వర్ణించనక్కర్లేదు. ద్రాక్షకు ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరింపు చేస్తారు. అక్టోబరు కత్తిరింపు తర్వాత లేత చిగురుకు బూజు తెగులు పట్టకుండా ట్రాక్టరు బ్లోయర్లతో మళ్లీ మళ్లీ మందులు చల్లుతారు. జనవరి నుంచి మార్చి దాకా కోతలు సాగుతాయి, చలికాలం శని, ఆదివారాల్లో ముంబై, పుణెల నుంచి తోటలు చూడటానికి వచ్చే కార్లతో రోడ్లు నిండుతాయి. వారాంతపు అతిథికి కనిపించే దృశ్యం వేరు, ఏడాది పొడవునా అక్కడ ఊపిరి పీల్చుకోవలసిన మనిషి అనుభవం వేరు.

నా సలహా నాసిక్ నగరమే, అందులోనూ గోదావరికి ఉత్తరాన పంచవటి వైపు. దిండోరీ రోడ్డు, ఓఝర్ మీదుగా వెళ్లే ఆగ్రా హైవే రెండూ ఆ వైపు నుంచే సాగుతాయి కాబట్టి కూతురికీ అల్లుడికీ మీరు సమానంగా అందుబాటులో ఉంటారు. ఆడగావ్‌లో వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. సికింద్రాబాద్ మీదుగా ముంబై వెళ్లే దేవగిరి ఎక్స్‌ప్రెస్ నాసిక్ రోడ్ స్టేషన్‌లో ఆగుతుంది. అయితే రామకుండం, తపోవనం పరిసరాల్లో ఇల్లు తీసుకోకండి. గురువు సింహరాశిలో ప్రవేశించినప్పుడు మనకు గోదావరి పుష్కరాలు వస్తే, అక్కడ సింహస్థ కుంభమేళా జరుగుతుంది. 2027లో నాసిక్ నగరంలో ఆ జనసందోహం ఎక్కువగా చేరేది ఆ రెండు చోట్లకే. మేళా పేరు చెప్పి ధరలు పెంచి అమ్మేవారుంటారు కాబట్టి, అది ముగిసేదాకా కొనుగోలు మాట ఎత్తకపోవడమే క్షేమం.

ఏజెంటు ఇచ్చిన బ్రోచర్ పంపినందుకు కృతజ్ఞతలు. నాలుగు పుటల నిండా పచ్చని తీగలు, వైన్ పీపాలు ఉన్నాయి. చివరి పుట అడుగున చిన్న అక్షరాల్లో మాత్రం "వ్యవసాయ భూమిలో అవిభాజ్య వాటా" అని ఉంది. అంటే మీ ప్లాటు హద్దులు నేల మీద ఎక్కడా ఉండవు. మహారాష్ట్రలో వ్యవసాయదారు కానివారు వ్యవసాయ భూమి కొనాలంటే కలెక్టరు అనుమతి కావాలి. మీ తెలంగాణ పాసుపుస్తకాన్ని అక్కడ ఏ మేరకు ఒప్పుకుంటారో నాసిక్ న్యాయవాది నుంచి రాతపూర్వకంగా తెలుసుకోకుండా అడుగు వేయరాదు. మన పహాణీ లాంటిదే అక్కడి సాత్‌బారా. దాన్ని అమ్మాయి మహాభూలేఖ్ వెబ్‌సైటులో చూడగలదు. యజమాని ఎవరో, ఇతర హక్కుల గడిలో బ్యాంకు రుణం ఉందో లేదో అందులోనే తెలుస్తుంది. పైగా ఇలాంటి భూమి వాటాకు నేను పైన చెప్పిన ఇంటి పన్ను మినహాయింపు వర్తించదు.

ఖాయంగా 8 శాతం అన్న మాటను అసలే నమ్మకండి. 1990లలో టేకు మొక్కల పేరుతో జనం దగ్గర డబ్బు కట్టించుకున్న కంపెనీలు మన జిల్లాలో ఎన్ని కుటుంబాలను ముంచాయో మీ తరానికి తెలుసు. అలాంటి సామూహిక పెట్టుబడి పథకాలకు సెబీ (పెట్టుబడి మార్కెట్ల నియంత్రణ సంస్థ) నమోదు తప్పనిసరి చేస్తూ 1999లో నిబంధనలు వచ్చాయి. నమోదు సంఖ్య చూపమని అడగండి. నాసిక్‌లోనే 2008 తర్వాత వైన్ గిరాకీ పడిపోయినప్పుడు ఎందరో రైతులు వైన్ ద్రాక్ష తీగలు పీకి తినే ద్రాక్ష వేసుకున్నారు. తోటను నమ్ముకున్న రైతుకే లేని గ్యారంటీని ఏజెంటు మీకు ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తాడు? బయానా తిరిగి ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. రాకపోతే 50,000తో పోయిందనుకోండి గానీ, దాన్ని కాపాడుకోవడానికి మరో రూపాయి కట్టకండి.

బత్తాయి తోటను కౌలుకివ్వండి. అది నల్లగొండ పురపాలక హద్దుకు ఆరు కిలోమీటర్లు దాటి ఉన్న వ్యవసాయ భూమి అయితే, ఎప్పుడు అమ్మినా లాభంపై పన్ను ఉండదు కాబట్టి తొందరేమీ లేదు.

బయలుదేరే ముందు చేయవలసిన పని ఒకటుంది. మీ ఉద్యోగ విరమణ ఆరోగ్య కార్డును నమ్ముకుని అక్కడికి వెళ్లకండి, నాసిక్ ఆసుపత్రుల్లో చెల్లే పాలసీని మీ ఇద్దరికీ ఇప్పుడే తీసుకోండి. ఉబ్బసాన్ని దాచకుండా రాయండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం మూడేళ్లకు మించకూడదని 2024లో బీమా నియంత్రణ సంస్థ నిర్దేశించింది. ఆ లెక్క పాలసీ తీసుకున్న రోజు నుంచే మొదలవుతుంది కాబట్టి, ఇందులో మాత్రం ఆలస్యం చేయకండి. ఇంటి విషయంలో 11 నెలల లీవ్ అండ్ లైసెన్స్ ఒప్పందం (అక్కడి కిరాయి ఒప్పందం) రాయించుకోండి, అక్కడ దాన్ని రిజిస్టరు చేయించడం తప్పనిసరి. జూన్‌లో దిగితే వాన, మందుల కాలం, చలి, కోతలు అన్నీ చూసినవారవుతారు. వచ్చే మే నెలలో మీ శ్రీమతి ఆ ఏడాదిలో ఎన్నిసార్లు ఆసుపత్రికి వెళ్లవలసి వచ్చిందో రాసి పంపండి, అప్పుడు కొనడం గురించి మాట్లాడుకుందాం.