గ్రాంటు దరఖాస్తుకు బస్తీ పిల్లల జాబితా జతచేయవచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నంలో ఒక బస్తీ. రెండేళ్ల క్రితం ఇక్కడి కుర్రాళ్లు రెండు జట్లుగా చీలి కత్తులతో కొట్టుకున్నారు. ఆ తర్వాత కొందరం కలిసి సంఘం పెట్టి, సొసైటీగా రిజిస్టర్ చేయించాం. సాయంత్రాలు వాలీబాల్ ఆడిస్తాం, చదువు చెబుతాం, గంజాయి జోలికి పోకుండా చూసుకుంటాం. ఇప్పుడు ప్రభుత్వ గ్రాంటుకు దరఖాస్తు చేయాలనుకుంటున్నాం. కేసులున్న పిల్లల పేర్లు, ఫొటోలు జతచేస్తే తప్పక మంజూరవుతుందని, వచ్చినదానిలో పదో వంతు తనకు ఇవ్వాలని ఒక మధ్యవర్తి అంటున్నాడు. ఇంటికి వెళ్లడానికి భయపడే ఇద్దరు పిల్లలు కొన్ని నెలలుగా మా కేంద్రంలోనే పడుకుంటున్నారు. ఏవైనా చిక్కులు వస్తాయా? – ఒక పాఠకుడు

జవాబు: ముందు ఆ జాబితాను చించేయండి. బాలల న్యాయ చట్టం, 2015లోని 74వ సెక్షన్ ప్రకారం కేసులో ఉన్న పద్దెనిమిదేళ్లలోపు పిల్లల పేరు, చిరునామా, చదివే బడి, ఫొటో వంటి ఆనవాళ్లేవీ బయటపెట్టకూడదు. పత్రికలు, టీవీలతో పాటు ‘ఇతర సమాచార రూపాలు’ అన్న మాట కూడా అందులో ఉంది. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఎన్నో బల్లలు దాటి వెళ్లే దరఖాస్తుకు, రేపు మీరు అచ్చువేసే వార్షిక నివేదికకు కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుందని నా అభిప్రాయం. ముగిసిన కేసు వివరాలను పోలీసులు సైతం ప్రవర్తన ధ్రువపత్రం కోసమైనా, మరి దేనికైనా వెల్లడించరాదని అదే సెక్షన్ అంటోంది. పోలీసులకే లేని వీలు మీకు ఎక్కడి నుంచి వస్తుంది? పదహారేళ్ల కుర్రాడు పాతది మరిచి కొత్తగా బతకాలని చట్టం తలుపు తీసి పెట్టింది. మీ కాగితం దాన్ని మూసేయకూడదు.

మరి దరఖాస్తులో ఏం చూపాలి? ఎందరు వస్తున్నారు, ఏ వయసువారు, ఎందరు మళ్లీ బడిలో చేరారు, హాజరు ఎలా ఉంది అన్న అంకెలు చాలు. పేర్లున్న రిజిస్టరు మీ బీరువాలో తాళం వేసి ఉంచండి.

పథకం పేరులో ‘హింస’ అన్న మాట కోసం వెతకకండి. మీ పనికి దగ్గరగా ఉన్నది కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖ మాదకద్రవ్యాల గిరాకీ తగ్గింపు జాతీయ కార్యాచరణ ప్రణాళిక. పిల్లలకు తోటి పిల్లల చేతనే జీవన నైపుణ్యాలు నేర్పించి మత్తుకు దూరంగా ఉంచే కార్యక్రమం అందులో ఉంది. దరఖాస్తు ఈ-అనుదాన్ పోర్టల్‌లో. దానికి ముందు నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో మీ సొసైటీ నమోదై ఉండాలి. పిల్లల సంరక్షణకు ఉద్దేశించిన కేంద్ర పథకం మిషన్ వాత్సల్య నిధులు రాష్ట్రం ద్వారా నడుస్తాయి కాబట్టి, వాటి సంగతి జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో అడగండి.

డబ్బు వచ్చాక బాధ్యత పెరుగుతుంది. కేంద్ర గ్రాంటుకు 2017 సాధారణ ఆర్థిక నియమాలు వర్తిస్తాయి. మంజూరైన పనికే ఖర్చు చేయాలి. ఆర్థిక సంవత్సరం ముగిసిన పన్నెండు నెలల్లోగా సొమ్ము ఆ పనికే వాడామని తెలిపే వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి. బ్యాంకులో ఆ సొమ్ముపై వచ్చిన వడ్డీ సైతం ప్రభుత్వానిదే, తిరిగి జమ చేయాలి. చాలా సంఘాలకు తెలియని విషయం ఇంకొకటి: ప్రభుత్వ ఆర్థిక సాయం పొందిన సామాజిక సంస్థ నిర్వాహకులు అవినీతి నిరోధక చట్టం, 1988 దృష్టిలో ‘ప్రభుత్వ సేవకులు’. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ముగ్గురూ ఈ మాట గుర్తుంచుకుని సంతకాలు పెట్టాలి.

ఆ మధ్యవర్తికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. అధికారికి చేర్చడానికని ఇచ్చే సొమ్ము లంచమే. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇచ్చినవారికీ ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. బలవంతంగా ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లోగా పోలీసులకో దర్యాప్తు సంస్థకో తెలియజేసినవారికి మాత్రం రక్షణ ఉంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇద్దరు పిల్లలు మీ కేంద్రంలోనే పడుకుంటున్నారన్న మాట. సంరక్షణ అవసరమైన పిల్లలను ఉంచే సంస్థ ఏదైనా బాలల న్యాయ చట్టం 41వ సెక్షన్ కింద నమోదు కావాలి. నమోదు లేకుండా నడిపితే ఏడాది వరకు జైలు, లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మీ మనసు మంచిదే, కాదనను. కానీ రాత్రి అక్కడ ఏదైనా జరిగితే ఆ పిల్లలకు గాని మీకు గాని అండగా నిలిచే కాగితం ఒక్కటీ లేదు. వారికి ఇంట్లో ఎవరి భయం? ఎందుకు? అది విచారించి దారి చూపగలిగేది బాలల సంక్షేమ కమిటీ. పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేసి విషయం చెప్పండి, ఆ పిల్లలతో పాటు మీరూ కమిటీ ముందుకు వెళ్లండి. దరఖాస్తు నెల రోజులు ఆలస్యమైనా నష్టం లేదు, ఈ పని మాత్రం రేపే చేయండి.