వేడి వెంట నడు, తమ్ముడూ

శ్రీకాకుళం

చిరంజీవి తమ్ముడికి,

పైడిభీమవరం నుంచి నువ్వు పంపిన లైయో వ్యాసం, అదే, మందుని గడ్డకట్టించి, గాలి తోడేసిన ఛాంబర్‌లో మంచుని నేరుగా ఆవిరి చేసి ఆరబెట్టే పద్ధతి గురించిన వ్యాసం, శ్రద్ధగా చదివాను. మన జిల్లాలో ఇంతమంది మందుల ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేస్తున్నా, అక్కడ జరిగే పని గురించి తెలుగులో రాసేవాళ్లు చాలా తక్కువ. అందుకే ఇది బాగా రావాలని నా ఆరాటం.

ముందు ఒక వాక్యం కొట్టెయ్యి: ‘వాక్యూమ్ నీటిని పీల్చేస్తుంది.’ పాఠకుడు అక్కడే దారి తప్పుతాడు. వాక్యూమ్ దారి ఇస్తుందంతే, పని చేసేది వేడి. ఒక గ్రాము మంచు నీరు కాకుండా నేరుగా ఆవిరి కావాలంటే సుమారు 2,840 జౌళ్ల వేడి కావాలి. మరిగే నీటికైతే 2,260 చాలు. మైనస్ 30 డిగ్రీల్లో గడ్డకట్టి ఉన్న మందుకి, పొయ్యి మీది నీళ్లకంటే ఎక్కువ వేడి అందించాలన్నమాట! వ్యాసం ఇక్కడ మొదలుపెట్టు.

ఆ తర్వాత ఆ వేడి వెంటే నడు. ‘షెల్ఫ్ వేడి చేస్తుంది’ అని, మందు సీసాలు నిలబెట్టే ఆ అర గురించి ఒక్క ముక్కలో దాటేశావు. అసలు కథ అక్కడే ఉంది. వయల్ (మందు ఉండే చిన్న గాజు సీసా) అడుగు లోపలికి కాస్త వంగి ఉంటుంది, షెల్ఫ్‌కి ఆనేది కొద్ది మేరే. మిగతా సందులో ఉన్న పలచటి ఆవిరి చాలా వేడిని మోస్తుంది. అందుకే ఛాంబర్‌లో పీడనం కొంచెం పెంచితే వేడి బాగా అందుతుంది. వాక్యూమ్ ఎంత ఎక్కువైతే అంత త్వరగా ఆరుతుందనుకునే వాళ్లకి ఇది వివరంగా చెప్పాలి. గోడల నుంచి, తలుపు నుంచి వచ్చే వికిరణం వల్ల అంచు వరుసల వయల్స్ మిగతావాటికంటే ముందే ఆరతాయి. నువ్వు రోజూ చూసేదే, రాయలేదేం?

కళింగపట్నం ఎండుచేపల పోలిక ఉంచు, కానీ అది ఎంతవరకు సరిపోతుందో కూడా చెప్పు. ఎండలో నీరు నీరుగానే పైకి వస్తుంది, కండ ముడుచుకుపోతుంది. ఇక్కడ మంచు ఉన్నచోటే ఉత్పతనం చెంది, అంటే నేరుగా ఆవిరై, ఖాళీలు మిగులుస్తుంది, కేక్ (వయల్‌లో మిగిలే ఆరిన మందు ముద్ద) ఆకారం చెడదు. ఆ ఖాళీల గుండానే కింది ఆవిరి పైకి రావాలి. ఆరిన పొర మందమయ్యే కొద్దీ దానికి అడ్డు పెరుగుతుంది. మంచు స్ఫటికాలు పెద్దవిగా ఏర్పడితే దారులు పెద్దవై ఆవిరి సులువుగా వస్తుంది. అందుకే వ్యాసంలో గడ్డకట్టించే దశని తొందరగా ముగించేయకు.

టెన్షన్ ఎక్కడుందో కూడా పాఠకుడికి తెలియాలి. మైనస్ 40 నుంచి మైనస్ 20కి వస్తే మంచు ఆవిరి పీడనం సుమారు 8 రెట్లు అవుతుంది, కాబట్టి వేడి పెంచాలనే అనిపిస్తుంది. కానీ సుక్రోజ్ (చక్కెర) ఉన్న మందు మైనస్ 32 దాటితే మెత్తబడి కేక్ కుంగిపోతుంది. ఉత్పతనం వేడిని తీసుకుపోతుంది కాబట్టే మందు షెల్ఫ్ కంటే చల్లగా ఉంటుంది. మంచు అయిపోయాక ఆ రక్షణ ఉండదు.

ఆవిరిని చల్లబరిచి పట్టుకునే కండెన్సర్‌కి ఒక్క లెక్క చాలు. 0.1 మిల్లీబార్ పీడనం దగ్గర ఒక గ్రాము మంచు ఇచ్చే ఆవిరికి 11 ఘనపు మీటర్ల చోటు కావాలి. అంత ఆవిరిని పంపు ఒక్కటే తోడలేదు, చల్లటి కాయిల్ మీద మళ్లీ మంచుగా పట్టుకోవాలి.

సమీకరణాలు ఇదంతా చెప్పాక పెట్టు. మీ కంపెనీ సైకిల్ అంకెలు (ఏ దశలో ఎంత వేడి, ఎంత పీడనం, ఎంతసేపు అన్నవి) మాత్రం రాయకు, అవి వాళ్లవి. మార్చి పంపు, వయల్ అడుగు గురించిన పేరా ముందు చదువుతాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య