నాలుగున్నర కార్లు, ఒక్క మేస్త్రి

“ఇప్పటిదాకా మీరు ఏయే కార్లు వాడారు? ఏది కొని మంచిపని చేశాననిపించింది, ఏది కొని దెబ్బతిన్నారు?” అని మీలో ఒకరు అడిగారు.

మాది విజయవాడ, అజిత్‌సింగ్ నగర్. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. ముప్ఫయ్యేళ్లలో నాలుగున్నర కార్లు వాడాను. ఆ అర సంగతి దాని వంతు వచ్చినప్పుడు చెబుతాను.

మొదటిది ప్రీమియర్ పద్మిని. 1994లో కొనేనాటికే దానికి పదేళ్లు. మా వీధిలో ఒక కాంట్రాక్టరు గారు కొత్త మారుతి కొనుక్కుని దీన్ని వదిలించుకునే పనిలో ఉంటే, నలభై రెండు వేలకి బేరం కుదిరింది. దాన్ని పద్మిని అని పిలిచినవాళ్లు మా వీధిలో ఒక్కరూ లేరు, అందరికీ అది ఫియట్టే. ఇటలీ వాళ్ల ఫియట్ 1100 మోడల్‌నే ప్రీమియర్ వాళ్లు ముంబైలో తయారుచేసి, డెబ్బైల్లో పేరు మార్చారు. జనం మాత్రం మార్చుకోలేదు. 1089 సీసీ ఇంజను, గేరు రాడ్డు స్టీరింగ్ పక్కన, ముందు సీటు బెంచీలా ఒకటే పొడుగు. ముందు ముగ్గురు, వెనక నలుగురు. పిల్లలు లెక్కలోకి రారు.

దానికి సెల్ఫ్ పనిచేసిన రోజు మా ఇంట్లో పండగ. డిసెంబరు, జనవరి పొద్దుటి పూటల్లో చోక్ లాగి ఎంత బతిమాలినా కదిలేది కాదు. అప్పుడు మా ఆవిడ స్టీరింగ్ దగ్గర కూర్చునేది, నేనూ పాలబ్బాయీ వెనక నుంచి తోసేవాళ్లం. “ఇప్పుడు వదులు!” అనగానే సెకండ్ గేరులో క్లచ్ వదలాలి. అందరూ ముందు స్టీరింగ్ తిప్పడం, తర్వాత గేర్లు, ఆఖరున క్లచ్ మీద పట్టు నేర్చుకుంటారు. మా ఆవిడ క్లచ్‌తో మొదలుపెట్టింది. ఈరోజుకీ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ట్రాఫిక్ ఆగితే బండి ఒక్క అంగుళం వెనక్కి జారనివ్వదు. నాకు జారుతుంది.

ఆ కారు వల్లే ఆటోనగర్‌లో మెకానిక్ భాయ్ పరిచయమయ్యాడు. రెండు షట్టర్ల షెడ్డు, ఇద్దరు కుర్రాళ్లు, గోడ మీద రింగు స్పానర్లు సైజు ప్రకారం వరసగా. మొదటిసారి వెళ్లినప్పుడు బానెట్ ఎత్తి చూసి, “మాస్టారూ, దీన్ని మీరు కొన్నారా, మీకెవరైనా అంటగట్టారా?” అన్నాడు. అయినా దాన్ని ఆరేళ్లు నడిపించాడు. డిక్కీలో ఎప్పుడూ ఒక డబ్బా నీళ్లు, ఒక ఫ్యాన్ బెల్టు, చీల్చిన సైకిల్ ట్యూబు ఉంచమనేవాడు. ట్యూబు ఎందుకో 1996 మే నెలలో తిరుపతి వెళ్తుంటే తెలిసింది. కావలి దాటాక రేడియేటర్ పైపు చిట్లి పొగలు వచ్చాయి. వేడి మీద మూత తీయొద్దని భాయ్ వందసార్లు చెప్పాడు. అంతకంటే ఘోరం, మూత బిగించి ఉంటే లోపల ఒత్తిడి పెరిగి నీళ్లు నూరు డిగ్రీలు దాటినా మరగవని, ఒత్తిడి తగ్గితే ఒక్కసారిగా ఆవిరవుతాయని ఏటా ఫస్టియర్ పిల్లలకి బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పేవాణ్ణి. అయినా తువ్వాలు చుట్టి మూత తిప్పాను. మోచేయి కింద మచ్చ ఇంకా ఉంది. పైపుకి సైకిల్ ట్యూబు చుట్టి, గూడూరులో కొత్తది వేయించుకుని, కొండకి చేరేసరికి రాత్రి పదకొండు. అందులో తప్పు కారుది కాదు. పైపు మార్చమని భాయ్ సంక్రాంతికే చెబితే, వేసవి తర్వాత చూద్దామన్నది నేను.

2000లో మారుతి 800. కొత్తది, తెల్లది, ఏసీ లేనిది, బ్యాంకు లోను మీద. నంబరు ఏపీ 16తో మొదలు. షోరూం నుంచి నేరుగా దుర్గమ్మ గుడికి తీసుకెళ్లి పూజ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్లు, నాలుగు నిమ్మకాయలూ సమానంగా నలిగాయా లేదా అని దిగి చూసొచ్చింది.

ఈ కారు గురించి చాలామంది చాలా రాశారు. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి కారు తాళాలు ఇవ్వడం దగ్గర్నుంచి అందరికీ తెలిసిన కథే. నేను చెప్పేది ఒక్కటే. 796 సీసీ, మూడు సిలిండర్లు, పన్నెండంగుళాల చక్రాలు, ట్యాంకులో పట్టేది 28 లీటర్లు. ఇంత తక్కువ సరంజామాతో పదకొండేళ్లు మా ఇంటి పనులన్నీ చేసింది. నిజానికి అది మా ఆవిడ కారు. ఆర్సీ నా పేరు మీద ఉన్నా తాళాలు ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఉండేవి. ఆవిడకి లైసెన్సు వచ్చిన వారమే రద్దీ బజారైన బీసెంట్ రోడ్డు దాకా వెళ్లి పార్కింగ్ చేసి వచ్చింది. బీసెంట్ రోడ్డు తెలిసినవాళ్లకి ఆ ఘనత ఏమిటో అర్థమవుతుంది. భాయ్‌కి దాని మీద ఒకటే ఫిర్యాదు: “ఇది ఇంట్లో ఉంటే నా షెడ్డుకి మీరెందుకు వస్తారు?”

ఇక ఆ అర. 2009లో మా నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. మారుతిలో కూర్చోవడమంటే పీట మీద కూర్చున్నట్టు, లేవడం ఆయనకి కష్టమైంది. కొంచెం ఎత్తుగా ఉండే డీజిల్ కారు సెకండ్ హ్యాండ్‌లో ఉందని ఒక బ్రోకరు చెప్పాడు. ఏ కంపెనీదో చెప్పను, తప్పు కంపెనీది కాదు. ఆ వారం భాయ్ కూతురి పెళ్లి పనుల్లో ఉన్నాడు. ఆగాల్సింది, ఆగలేదు. మీటరు మీద 42 వేల కిలోమీటర్లు. తర్వాత భాయ్ చూసి మీటరు జోలికే పోలేదు, క్లచ్ పెడల్ మీద రబ్బరు చూపించాడు. గీతలన్నీ అరిగి నున్నగా ఉంది. స్టీరింగ్ కూడా అంతే, కుడిచేతి వైపు అద్దంలా మెరుస్తోంది. పాత సర్వీసు రికార్డు తీయిస్తే రెండేళ్ల కిందటే లక్షా పదివేలు దాటింది. ఎనిమిది నెలలు ఉంచుకుని అరవై వేలు నష్టానికి, మీటరు సంగతి చెప్పే అమ్మాను. ఆ కాలంలో నాన్నగారు దాన్ని ఎక్కింది నాలుగుసార్లు. అందుకే దాన్ని అర కింద లెక్కేశాను.

మారుతిని 2011లో అమ్మినప్పుడు ఇంకో తెలివితక్కువ పని చేశాను. ఇది మీలో ఎవరికైనా పనికొస్తుంది. కొన్నాయన మంచివాడే, డబ్బు మొత్తం ఇచ్చాడు. ఆర్సీలో పేరు మార్చడానికి కావాల్సిన ఫారం 29, ఫారం 30 సంతకం చేసి ఆయన చేతిలోనే పెట్టాను, “నేను మార్పించుకుంటాలెండి మాస్టారూ” అన్నాడు. మార్పించుకోలేదు. మూడేళ్ల తర్వాత ఆ కారు స్కూటర్ని గుద్దిందని, ఇన్సూరెన్సు లేదని, పరిహారం కేసులో నాకు నోటీసు. ఏడాదిన్నర కోర్టు చుట్టూ తిరిగి, కొన్నాయనతో రాజీ కుదిర్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరు కింద లెక్క. 2018లో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. మన రాష్ట్రంలోనే అమ్మితే పద్నాలుగు రోజుల్లో అమ్మినవాడే ఆర్టీవోకి తెలపాలి. కొన్నవాడి మంచితనం మీద వదిలేయకండి, ఆర్సీ మారేదాకా వెంటపడండి.

అదే ఏడాది స్విఫ్ట్ డీజిల్. నాకు మచిలీపట్నం బదిలీ అయింది, పోనూ రానూ నూట నలభై కిలోమీటర్లు. అప్పట్లో పెట్రోలుకీ డీజిలుకీ లీటరు మీద పాతిక రూపాయలకి పైగా తేడా. అందరూ డీజిలే కావాలనడంతో ఐదు నెలలు ఎదురుచూశాను. మేం నలుగురు లెక్చరర్లం కలిసి వెళ్లేవాళ్లం, డీజిలు నాలుగు వాటాలు, ఇడ్లీ ఖర్చు ఎవరిది వాళ్లది. సీజన్లో ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ దగ్గర చెరకు ట్రాక్టర్ల వెనక చిక్కుకుంటే ఫస్ట్ పీరియడ్ గోవిందా. కెమిస్ట్రీ ఆయన దిగి రెండు గడలు లాక్కొచ్చేవాడు, అందరం నములుకుంటూ వెళ్లేవాళ్లం. 2014 అక్టోబరులో డీజిలు ధర మీద ప్రభుత్వం నియంత్రణ తీసేసింది. ఆ తర్వాత తేడా తగ్గుతూ వచ్చి నా లెక్కలు తప్పాయి గానీ, అప్పటికి కారు తన డబ్బు తను తెచ్చేసుకుంది. టర్బో (ఇంజనులోకి ఎక్కువ గాలి తోసే పంఖా) ఉన్న ఇంజను కాబట్టి, అది చల్లారేలా హైవే మీద నుంచి రాగానే తాళం తీయకుండా అర నిమిషం నడవనివ్వమని భాయ్ మొదటి రోజే చెప్పాడు. పదమూడేళ్లు ఆ అర నిమిషం పాటించాను. రెండు లక్షల ముప్ఫై వేల కిలోమీటర్లు తిరిగాక కూడా ఇంజను విప్పాల్సిన పని పడలేదు.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు మా వీధిలోకి వచ్చింది. పొద్దున మడమల దాకా ఉన్న నీళ్లు సాయంత్రానికి కారు పైకప్పు దాటాయి. మేం పై వాటాలో ఉన్నాం కాబట్టి ప్రాణాలకి ఢోకా లేదు. తర్వాత రోజుల్లో పడవలు, డ్రోన్లు పెట్టి అన్నం పొట్లాలు ఇచ్చారు. బాల్కనీలోంచి చూస్తే కారు ఎక్కడుందో కూడా తెలియదు, గోధుమ రంగు నీళ్లు తప్ప. తొమ్మిదో రోజున బయటపడింది. సీట్ల నిండా ఒండ్రు, గ్లౌజు పెట్టెలో ఒక చచ్చిన చేప.

ఎదురింటాయనది రెండేళ్ల కారు, ఫుల్ ఇన్సూరెన్సు. ఆత్రం కొద్దీ తాళం తిప్పాడు. గాలి నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. సిలిండర్లో నీళ్లుంటే పిస్టన్ పైకి పోలేక, దాన్ని తోసే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. అదే జరిగింది. మునిగాక మీరు స్టార్ట్ చేయడం వల్ల పాడైంది కాబట్టి ఇంజను ఖర్చు ఇచ్చేది లేదని ఇన్సూరెన్సు వాళ్లు పేచీ పెట్టారు. దానికి విడిగా ‘ఇంజన్ ప్రొటెక్ట్’ అని ఒకటి కట్టి ఉండాలట. ఆయన కట్టలేదు.

నేను ఆయన్ని అనడానికి లేదు. కారు పాతబడిందని, ఆ ఏడాదే నాలుగువేల ఎనిమిదొందలు మిగులుతాయని, ఫుల్ ఇన్సూరెన్సు మానేసి థర్డ్ పార్టీ మాత్రమే కట్టాను. థర్డ్ పార్టీ అంటే మన కారు వల్ల ఇంకొకరికి జరిగిన నష్టానికే, మన కారుకి రూపాయి రాదు. భాయ్ కొడుకు ట్రాక్టరుతో లాక్కెళ్లాడు. భాయ్ డ్రెయిన్ బోల్టు విప్పితే ఇంజన్ ఆయిలు మజ్జిగలా వచ్చింది. వైరింగ్, ఏసీ, బ్రేకులు, సీట్లు అన్నీ కలిపి లెక్క కట్టి, “వద్దు మాస్టారూ” అన్నాడు. పాత ఇనుము కింద ముప్ఫై ఎనిమిది వేలు వచ్చింది. మా ఆవిడ తాళాలు ఇవ్వలేదు. తాళాలు లేకపోయినా తుక్కు కొనేవాడికి అభ్యంతరం లేదట.

కాబట్టి మీ ప్రశ్నకి జవాబు: మంచిపని మారుతి, దెబ్బ ఆ అర కారు. స్విఫ్ట్ విషయంలో దెబ్బ నాది. అయితే వీటన్నిటికంటే భాయ్ దొరకడం పెద్ద లాభం. ఆయన చెప్పినట్టు విన్నప్పుడు నేను డబ్బు పోగొట్టుకున్నది లేదు.

నాలుగోది పోయిన ఏడాది ఫిబ్రవరిలో కొన్నాం. 2019 వాగన్ ఆర్, పెట్రోలు. వరద తర్వాత మునిగిన కార్లు కడిగి, కొత్త మ్యాట్లు వేసి మార్కెట్లోకి వదిలారని భాయ్‌కి గట్టి అనుమానం. డెబ్బై దాటాడు, షెడ్డు కొడుకు చూసుకుంటున్నాడు, అయినా నాతో వచ్చాడు. మొదటి కారు విజయవాడలోనే చూశాం. ఇంజను దగ్గరికి కూడా వెళ్లలేదు. వెనక సీటు బెల్టు చివరిదాకా, ఇక రానంతవరకు లాగాడు. పైన శుభ్రంగా ఉంది. చివరి జానెడు మీద ఎండిన ఒండ్రు చార. అద్దాలు, సీట్లు, డ్యాష్‌బోర్డు ఎంతైనా కడుగుతారు, చుట్ట లోపలున్న బెల్టుని ఎవరూ కడగరు. రెండోది ఏలూరులో. సీటు కింద పట్టాల బోల్టులు తుప్పు, కార్పెట్టు మాత్రం కొత్తది. మూడోది గుంటూరులో. బెల్టులన్నీ బాగున్నాయి, క్లచ్ పెడల్ రబ్బరు మీద గీతలు కూడా ఉన్నాయి. నాలుగు లక్షల పదివేలకి తీసుకున్నాం. ఈసారి ఆర్సీ చేతికొచ్చేదాకా అమ్మినాయన నన్ను వదల్లేదు. ఫుల్ ఇన్సూరెన్సు, ఇంజన్ ప్రొటెక్ట్ రెండూ కట్టాను.

ఆ రోజు నుంచి నాకొక అలవాటు పట్టుకుంది. ఎవరి కారెక్కినా, చివరికి బుక్ చేసుకున్న క్యాబ్ అయినా, బెల్టు మొత్తం లాగి చూస్తున్నాను. మొన్న హైదరాబాద్‌లో మా అల్లుడి కొత్త కారులో కూడా లాగాను. “ఏమైంది మామయ్యగారూ, ఇరుక్కుందా?” అన్నాడు.