శుక్రవారం లంచ్‌కి బేగల్ షాపు: గుడ్డు కూడా తినని మనిషి ఏం తినాలి?

కొత్తగా న్యూజెర్సీ వచ్చిన ఒక అమ్మాయి అడిగింది: "ప్రతి శుక్రవారం మా టీం అంతా దగ్గర్లోని బేగల్ (గారెలా మధ్యలో చిల్లున్న గుండ్రటి రొట్టె) షాపుకి లంచ్‌కి వెళ్తారు. అక్కడ మెడిటరేనియన్ ఫుడ్, అంటే మధ్యధరా సముద్రం చుట్టుపక్కల దేశాల వంటలు కూడా ఉంటాయట. నేను పూర్తి శాకాహారిని, గుడ్డు కూడా తినను. ఏం అడగాలో తెలియక మూడు వారాలుగా 'బాక్స్ తెచ్చుకున్నాను' అని చెప్పి సీట్లోనే ఉండిపోతున్నాను."

ఈ శుక్రవారం బాక్స్ సర్దుకోకండమ్మా, వాళ్లతో వెళ్లండి. టీంలో ఎవరు ఏం చూస్తున్నారో, పని ఎటు పోతోందో మీటింగుల్లో కంటే ఆ అరగంటలోనే ఎక్కువ తెలుస్తుంది. పైగా మీరు జంకుతున్న ఆ కౌంటర్లో సగం మనకు తెలిసిన శనగలు, వంకాయలు, నువ్వులు, పెరుగే.

ఫలాఫెల్ అంటే నానబెట్టిన శనగల్ని ఉడికించకుండా రుబ్బి, ఉల్లి, వెల్లుల్లి, కొత్తిమీర, జీలకర్ర వేసి నూనెలో వేయించినది. మసాలా వడ తిన్న నోటికి కొత్తేమీ కాదు. హమ్మస్ ఉడికిన కాబూలీ శనగల ముద్ద. అందులో నిమ్మరసం, వెల్లుల్లి, తహినీ అనే నువ్వుల ముద్ద కలుపుతారు. బాబా గనూష్ కాల్చిన వంకాయతో చేస్తారు. మన కాల్చిన వంకాయ పచ్చడిలో చింతపండు, పోపు తీసేసి నిమ్మరసం, తహినీ వేసుకుంటే అదే. ట్జాట్జికి కీరా వేసిన పెరుగు పచ్చడి. చప్పగా ఉంటుందేమోనని బెంగ పడకండి, 'జుగ్' ఉందా అని అడగండి. పచ్చిమిర్చి, కొత్తిమీర, వెల్లుల్లి నూరి చేసే యెమెన్ పచ్చడి అది. కొన్నిచోట్ల 'అంబా' కూడా ఉంటుంది, మామిడికాయతో చేసిన పుల్లటి సాస్. ఇరాక్ యూదుల వంటల్లోకి మన దేశం నుంచే వెళ్లిందంటారు. పేరులోనే మామిడి ఉంది.

అడగకుండా తీసుకోకూడనివి కొన్ని ఉన్నాయి. వచ్చిన కొత్తలో నేను వారానికి రెండుసార్లు ఒకచోట లెంటిల్ సూప్ తాగేదాన్ని. ఎర్ర కందిపప్పు, జీలకర్ర, నిమ్మకాయ, అచ్చం ఇంటి పప్పుచారులా ఉండేది. రెండు నెలల తర్వాత తెలిసింది, దాన్ని చికెన్ ఉడికించిన నీళ్లు, అంటే చికెన్ బ్రాత్‌లో ఉడికిస్తారని. ఆ రోజు చాలా బాధపడ్డాను. మోసం ఎవరూ చేయలేదు, నేను అడగలేదంతే. అన్నం కూడా అలాగే, కొన్నిచోట్ల చికెన్ నీళ్లలోనే వండుతారు. ద్రాక్షాకుల్లో అన్నం చుట్టిన డోల్మాలో ఒక్కోసారి మాంసం ఉంటుంది. ఫలాఫెల్‌ని చికెన్ వేయించిన నూనెలోనే వేయిస్తారా అన్నదీ అడగండి. 'వెజిటేరియనా?' అని మాత్రం అడిగితే చాలదు. కొందరి లెక్కలో చేపా, చికెన్ నీళ్లూ అందులోకే వస్తాయి. 'నో మీట్, నో ఫిష్, నో ఎగ్, నో చికెన్ బ్రాత్' అని ఒక్కొక్కటీ చెప్పండి. ఇక్కడ ఎవరూ విసుక్కోరు. ఎలర్జీలున్నవాళ్లు రోజూ ఇంతకంటే ఎక్కువే అడుగుతారు.

ఇక బేగల్. పోలాండ్ నుంచి వచ్చిన యూదులతో న్యూయార్క్ చేరిన రొట్టె ఇది. బేక్ చేసే ముందు కాసేపు మరిగే నీళ్లలో వేస్తారు. పైన మెరుపు, లోపల సాగుడు అందుకే. మెత్తటి బన్ను అనుకుని కొరికితే గట్టిగా అనిపిస్తుంది. మొదటిసారి 'టోస్టెడ్' అనండి. మామూలు బేగల్లో సాధారణంగా గుడ్డు ఉండదు, పసుపుపచ్చగా కనిపించే 'ఎగ్ బేగల్'లో ఉంటుంది. క్రీమ్ చీజ్‌లో ఉల్లికాడలు కలిపిన స్కాలియన్ రకం మనవాళ్లకి బాగా నచ్చుతుంది. 'లాక్స్' అంటే ఉప్పులో ఊరిన సాల్మన్ చేప. 'సలాడ్' అన్న మాటని నమ్మకండి. ఎగ్ సలాడ్, ట్యూనా సలాడ్, వైట్‌ఫిష్ సలాడ్ అన్నీ గుడ్డుకో చేపకో మయొనీజ్ కలిపిన ముద్దలు, ఆ మయొనీజ్‌లోనూ గుడ్డు ఉంటుంది. న్యూజెర్సీలో తరచూ వినిపించే 'టేలర్ హామ్' పంది మాంసం.

ఉద్యోగంలో చేరబోతూ డ్రగ్ టెస్ట్ ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. 'ఎవ్రీథింగ్ బేగల్' మీద నువ్వులు, వెల్లుల్లి, ఉల్లితో పాటు గసగసాలు చల్లుతారు. గసగసాలు తిన్నాక మూత్ర పరీక్షలో మార్ఫిన్ కనిపించే అవకాశం నిజంగానే ఉంది. అందుకే 1998లో ఇక్కడి ఫెడరల్ పరీక్షల హద్దును మిల్లీలీటరుకి 300 నానోగ్రాముల నుంచి 2000కి పెంచారు. ప్రైవేటు కంపెనీలు ఏ హద్దు పెట్టుకుంటాయో మన చేతిలో లేదు కాబట్టి ఆ వారం ప్లెయిన్ బేగల్ తీసుకోండి. ఇంట్లో గసగసాల కూర కూడా ఆపండి.

షాపులో 'కోషర్ డెయిరీ' (యూదుల ఆహార నియమాల ప్రకారం పాల వంటలే చేసే చోటు) అని సర్టిఫికెట్ కనిపిస్తే సగం దిగులు తీరినట్టే. యూదుల ఆచారంలో పాలు, మాంసం కలపరు, కాబట్టి అక్కడ మాంసం ఉండదు. చేప, గుడ్డు మాత్రం ఉంటాయి. అలాంటి షాపులు చాలావరకు శనివారం మూసి ఉంటాయి.

డబ్బు సంగతి తొందరగా చెప్పేస్తాను. బోర్డు మీది ధరకి 6.625 శాతం సేల్స్ ట్యాక్స్ కలుస్తుంది. కార్డు పెట్టగానే స్క్రీన్ 18, 20 శాతం టిప్ అడుగుతుంది. కౌంటర్లో మీరే తెచ్చుకునేచోట అది మీ ఇష్టం. నేను ఒక డాలర్ వేస్తాను. టేబుల్ దగ్గరికి వచ్చి వడ్డించే హోటల్లో మాత్రం ఇవ్వకుండా రాకూడదు, అక్కడ వాళ్ల జీతంలో పెద్ద భాగం టిప్పే.

లంచ్ వేళ వరస చకచకా కదులుతుంది, అందుకే ముందే అనుకుని వెళ్లండి. మొదటి శుక్రవారానికి ఫలాఫెల్ పీటా (సంచిలా తెరిచి లోపల కూరే రొట్టె), అందులో హమ్మస్, పక్కన జుగ్ చాలు. తిరిగి వచ్చేటప్పుడు రెండు బేగళ్లు కట్టించుకోండి. ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడిపోతాయి. మధ్యకి కోసి ఫ్రీజర్లో పెట్టుకుంటే పొద్దున్నే నేరుగా టోస్టర్లో వేసుకోవచ్చు. మీరు తెచ్చుకున్న అల్లం పచ్చడి రాసుకుని చూడండి, చాలా బాగుంటుంది.