గ్వాటెమాలా వెళ్తున్న మేనకోడలికి

అమ్మలూ,

కంపెనీ నీకు గ్వాటెమాలా మార్కెట్ అప్పగించిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మన ఇంటి ఆడపిల్ల హైదరాబాద్ మందులు అమ్మడానికి అంత దూరం వెళ్తోందంటే పొంగిపోయాను. కాసేపటికే టెన్షన్ మొదలైంది. అక్కడ తిరిగినవాణ్ణి కదా, ఏం జరగొచ్చో తెలుసు.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. రాజధాని 1,500 మీటర్ల ఎత్తున ఉంటుంది, రాత్రుళ్లు చలి వేస్తుంది, స్వెటర్ పెట్టుకో. హోటల్ రాజధానిలో జోన్ 10 అనే పేటలో తీసుకో. హోటల్ వాళ్లు పిలిచిన టాక్సీనే ఎక్కు. చీకటి పడ్డాక నడిచి తిరగొద్దు, రోడ్డు మీద ఫోన్ బయటికి తీయొద్దు. నవ్వకు, ఇది మాత్రం రెండుసార్లు చదువు. ఈస్టర్ ముందు వారం మీటింగులు పెట్టుకోకు, ఆఫీసులు మూతపడతాయి. ఆ వారం అక్కడే ఉంటే మాత్రం ఆంటిగ్వా వెళ్లు, క్రికెట్ ఆంటిగ్వా కాదు, గ్వాటెమాలాలోనే ఉన్న ఊరు. ఊరేగింపు వచ్చే వీధుల్లో రంగు రంపపుపొట్టుతో తివాచీలు పరుస్తారు, మన సంక్రాంతి ముగ్గుల్లా ఉంటాయి.

ఆఫీసులోకి అడుగుపెట్టగానే గేటు దగ్గర గార్డుతో సహా అందరికీ 'బ్వేనోస్ దియాస్', అంటే శుభోదయం, చెప్పు. చదువుకున్నవాళ్లను లిసెన్సియాడో, ఇంజెనియేరో, దొక్తోర్ అని హోదాతో పిలవాలి. అక్కడ పేరు తర్వాత తండ్రి ఇంటిపేరు, ఆ తర్వాత తల్లి ఇంటిపేరు వస్తాయి. మనవాళ్లు చివరి మాట పట్టుకుని మెయిల్ మొదలుపెడతారు. నువ్వు మొదటి ఇంటిపేరుతోనే రాయి.

ఇక అసలు విషయం. నాతో పనిచేసిన ఒకతను, చురుకైన కుర్రాడు, అక్కడ ఒక పెద్దాయనతో డిస్ట్రిబ్యూషన్ మాట్లాడటానికి వెళ్లాడు. ఆయన భోజనానికి తీసుకెళ్లి పిల్లల గురించి, అమ్మానాన్నల గురించి అడిగాడు, తన మనవరాలి ఫొటోలు చూపించాడు. చివర్లో ధర వింటూ, 'బాగుంది, తప్పకుండా చూద్దాం, వచ్చే వారం మాట్లాడుకుందాం' అన్నాడు. మావాడు ఆ రాత్రే ఆర్డర్ వచ్చిందని ఫ్యాక్టరీకి చెప్పేశాడు. స్పానిష్ కార్టన్లు అచ్చయ్యాయి, బ్యాచ్ తయారైంది. అక్కడ ఆరోగ్య శాఖ రిజిస్ట్రేషన్ లేనిదే మందు దేశంలోకి రాదు. దానికి డోసియర్, అంటే మందు వివరాల ఫైలు, ఇంకా తయారు చేయనే లేదు. ఆ వచ్చే వారం రాలేదు. ఫోన్ చేసినప్పుడల్లా ఆయన ఎంతో మర్యాదగా కుశలం అడిగి పెట్టేసేవాడు. గోదాంలో ఎక్స్‌పైరీ తేదీ దగ్గర పడుతోంది. ఇతను ఓపిక పోగొట్టుకుని, 'మీరు మాట ఇచ్చారు, జవాబు చెప్పాలి' అని మెయిల్ కొట్టి, ఆయన కింద పనిచేసేవాళ్లందరినీ సీసీలో పెట్టాడు.

అంతే, ఆ తలుపు మూసుకుంది.

తర్వాత నన్ను పంపారు. పెద్దాయన కాఫీ ఇచ్చాడు, మావాడి ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు, మెయిల్ ఊసెత్తలేదు. లేచి గుమ్మం దాకా వచ్చినప్పుడు మాత్రం, 'నాకొక్కడికే రాయాల్సింది, మా ఆఫీసు పిల్లలంతా చదివారు' అన్నాడు. కప్పు చేతిలోనే ఉంది ఆయనకి, కొంచెం వణికింది. మళ్లీ మా కంపెనీ మందు ఆయన కొనలేదు.

అక్కడ ఎదుటి మనిషి మొహం మీద కాదనడం మొరటుతనం. అందుకే నీ ప్రశ్న మార్చుకో. 'సరేనా?' అని అడగకు. డోసియర్ ఎవరు తయారు చేస్తారు, ఏ తేదీన, సంతకం ఎవరిది అని అడుగు. తేదీ చెప్పకపోతే ఒప్పుకోలేదనే లెక్క. ఒత్తిడి పెట్టకుండా మళ్లీ వెళ్లి కలువు. తప్పు చెప్పాల్సి వస్తే విడిగా, నలుగురూ లేనప్పుడు చెప్పు. నువ్వేమో చిన్నప్పటి నుంచీ నిలదీసే రకం. ట్యూషన్ మాస్టారిని కూడా వదల్లేదు! ఆ ధైర్యం చూసే ఈ పని నీకిచ్చి ఉంటారు, అది పోగొట్టుకోమనడం లేదు తల్లీ. అక్కడ కాస్త గొంతు తగ్గించు, అంతే.

భోజనాల దగ్గర యుద్ధం సంగతి నీ అంతట నువ్వు ఎత్తకు. 1960 నుంచి 1996 దాకా సాగిన ఆ అంతర్యుద్ధంలో దాదాపు రెండు లక్షల మంది చనిపోయారు, లేదా ఆచూకీ లేకుండా పోయారు. ఎక్కువమంది అక్కడి మూలవాసులైన మాయా జనమే. నీ పక్కన కూర్చున్నవాళ్లు ఎవరిని పోగొట్టుకున్నారో నీకు తెలియదు. వాళ్లే చెబితే విను. నీ గురించి 'ఇందియో' అని చెప్పుకోకు, అది మాయా వాళ్లను కించపరిచే తిట్టు. ఇండియా నుంచి వచ్చానను. చేనేత రవికెల్లో ఉన్న ఆడవాళ్లను అడగకుండా ఫొటో తీయకు.

మాటలు కలపాలంటే యాలకుల గురించి ఎత్తు. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ యాలకులు ఎగుమతి చేసేది వాళ్లే, కోబాన్ చుట్టుపక్కల కొండల్లో పండిస్తారు, వాళ్ల వంటల్లో మాత్రం పెద్దగా వాడరు. మన బిర్యానీలో, పాయసంలో వేస్తామంటే ఇష్టంగా వింటారు. నీకు పెట్టే నల్ల బీన్స్‌లో పంది కొవ్వు వేశారేమో అడిగి తిను.

మొదటి మీటింగ్ అవగానే, అవతలి మనిషి ఏమన్నాడో పొల్లుపోకుండా రాసి నాకు పంపు. అక్కడ సాయంత్రమైతే మనకు తెల్లవారుజాము, నేను లేచే ఉంటాను. అది ఔనో కాదో ఇద్దరం కలిసి తేల్చాకే ఫ్యాక్టరీకి ఫోన్ చెయ్యి.

మీ మావయ్య